ఇంట్లో మింగే కీమో: కేపెసిటబిన్ మాత్రల జాగ్రత్తలు

కేపెసిటబిన్ పెద్దపేగు, పురీషనాళం కేన్సర్లకు వాడే కీమోథెరపీ మాత్ర. ఆపరేషన్‌లో కణితిని తీసేశాక, దగ్గరి లింఫు గ్రంథుల్లోకి జబ్బు పాకిందని పరీక్షలో తేలితే, ఒంట్లో ఇంకా మిగిలి ఉండగల కేన్సర్ కణాలను చంపడానికి దీన్ని ఇస్తారు. జబ్బు కాలేయానికో ఊపిరితిత్తులకో చేరినప్పుడు అదుపులో ఉంచడానికి ఇస్తారు. పురీషనాళం కేన్సర్‌లో ఆపరేషన్‌కి ముందు రేడియేషన్ పెట్టే రోజుల్లో, అంటే జనం కరెంటు పెట్టడం అనే చికిత్స జరిగే వారాల్లో, కిరణాల పనికి తోడుగా కూడా ఇస్తారు. ఈ మూడు సందర్భాల్లో మాత్ర ఒకటే. మోతాదు మాత్రం వేరు, వాడే రోజుల లెక్కా వేరు. అందుకే ఒకరి చీటీ చూసి మరొకరు ఈ మందు వాడకూడదు.

సెలైన్‌తో ఎక్కించే కీమోకి ఆస్పత్రిలో కాపలా ఉంటుంది. నర్సు సీసా మీద పేరు చూస్తుంది, డాక్టరు ఆ ఉదయపు రక్తపరీక్ష చూస్తాడు, ఏదైనా తేడా కనపడితే ఆ రోజుకి మందు ఆగిపోతుంది. ఇంట్లో మింగే మాత్రకి ఈ కాపలా లేదు. జమ్‌షెడ్‌పూర్‌లో కదమా, సోనారీ, టెల్కో, గోల్మురీ వంటి పేటల్లోని ఇంటికి మాత్రల సంచీ చేరాక, తర్వాతి రెండు వారాలు మందు వెయ్యాలా మానాలా అన్న నిర్ణయం రోగి చేతిలోనూ ఇంటివాళ్ల చేతిలోనూ ఉంటుంది. కేపెసిటబిన్‌ని క్షేమంగా వాడటం అంటే క్రమంగా వేసుకోవడం ఎంతో, ఆపవలసిన రోజున వెంటనే ఆపగలగడమూ అంతే. ఈ రెండో సంగతి ఇళ్లలో తక్కువగా తెలుసు. ఒక్క పూట మాత్ర తప్పితే వైద్యమంతా పాడైపోతుందన్న భయంతో, రోజుకి ఎనిమిదిసార్లు విరేచనాలు అవుతున్నా మాత్ర మింగుతూనే ఉండే మనిషికి ఈ మందు ప్రాణాంతకం కాగలదు.

ఈ మందు పుట్టుక వెనుక ఒక పాత మందు ఉంది. 1950లలో ఎలుకల కాలేయపు కణితులు యురాసిల్ అనే పదార్థాన్ని మామూలు కణాలకన్నా ఎక్కువగా వాడుకుంటున్నట్టు పరిశోధకులు గమనించారు. కణం తన జన్యుపదార్థాన్ని కట్టుకోవడానికి కావలసిన ముడిసరుకుల్లో యురాసిల్ ఒకటి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం ఆ యురాసిల్‌కి ఒక ఫ్లోరిన్ పరమాణువు తగిలించి, 1957లో 5-ఫ్లోరోయురాసిల్‌ని లోకానికి తెలిపింది. కణం దాన్ని మామూలు యురాసిలే అనుకుని లోపలికి తీసుకుంటుంది. తీసుకున్నాక డీఎన్ఏకి అవసరమైన థైమిడిన్‌ని తయారుచేసే ఎంజైము ఆగిపోతుంది, కణ విభజన నిలిచిపోతుంది. పెద్దపేగు కేన్సర్ వైద్యానికి ఈనాటికీ ఇదే పునాది. అయితే దాన్ని నోటి ద్వారా ఇస్తే ఒంటికి ఎంత పడుతుందో స్థిరంగా చెప్పలేరు, అందుకే నరంలోకి ఎక్కిస్తారు. జపాన్‌లోని రోష్ పరిశోధనశాల తయారుచేసిన కేపెసిటబిన్ ఆ ఇబ్బందిని తప్పించింది. ఈ మాత్ర పేగులో యథాతథంగా ఇంకి, కాలేయంలో రెండు మెట్లు మారి, చివరిమెట్టులో థైమిడిన్ ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైము చేతిలో ఫ్లోరోయురాసిల్ అవుతుంది. ఆ ఎంజైము చాలా కణితుల్లో చుట్టుపక్కల కణజాలంలోకన్నా ఎక్కువ ఉంటుంది. అంతమాత్రాన మందు కణితిని తప్ప దేన్నీ తాకదని కాదు. పేగు లోపలి పొర, నోటి పొర, ఎముక మజ్జ, అరచేతుల చర్మం కూడా దాని దెబ్బ తింటాయి.

అమెరికాలో ఈ మందుకి 1998లో రొమ్ము కేన్సర్‌కీ, 2001లో పాకిన పెద్దపేగు కేన్సర్‌కీ, 2005లో ఆపరేషన్ తర్వాతి వైద్యానికీ అనుమతి వచ్చింది. ఆ మూడో అనుమతికి ఆధారం 1987 మంది రోగులతో జరిగిన ఎక్స్-యాక్ట్ అనే అధ్యయనం. నెలలో అయిదురోజులు ఆస్పత్రికి వెళ్లి నరంలోకి ఫ్లోరోయురాసిల్ ఎక్కించుకున్నవారితో పోలిస్తే, ఇంట్లో మాత్రలు వేసుకున్నవారికి ఫలితం ఏ మాత్రం తక్కువ కాదని అది తేల్చింది. ఘాట్‌శిలా నుంచో చాయిబాసా నుంచో జమ్‌షెడ్‌పూర్‌కి వచ్చే రోగికి దీని విలువ చెప్పక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ, భారత ప్రభుత్వ జాబితాలోనూ ఇప్పుడు కేపెసిటబిన్ ఉంది.

మోతాదుని రోగి ఎత్తు, బరువుల నుంచి కట్టిన శరీర ఉపరితల వైశాల్యం ప్రకారం నిర్ణయిస్తారు. ఈ మాత్ర ఒక్కటే ఇస్తున్నప్పుడు పుస్తకంలోని పూర్తి మోతాదు చదరపు మీటరుకి పూటకి 1250 మిల్లీగ్రాములు. ఆక్సాలిప్లాటిన్ సూదిమందుతో కలిపి ఇస్తే పూటకి 1000 మిల్లీగ్రాములు, రేడియేషన్‌తో కలిపితే 825. మనదేశంలో డాక్టర్లు ఒంటితీరుని బట్టి ఇంతకన్నా తక్కువతో మొదలుపెట్టడమూ ఉంది. ఉదాహరణకి ఒకటిన్నర చదరపు మీటర్ల ఒళ్లున్న మనిషికి ఆక్సాలిప్లాటిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు పూటకి 1500 మిల్లీగ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఉదయం మూడు, రాత్రి మూడు. పద్నాలుగు రోజులకి 84 మాత్రలు. ఆ తర్వాత ఏడురోజులు ఒక్క మాత్రా ఉండదు. ఈ ఇరవై ఒక్క రోజులనే సైకిల్ అంటారు. మాత్ర ఒక్కటే అయితే సాధారణంగా ఎనిమిది సైకిళ్లు, అంటే ఆరు నెలలు. ఆక్సాలిప్లాటిన్‌తో కలిపినప్పుడు, జబ్బు లింఫు గ్రంథులకి పాకిన మూడో దశలోనే తక్కువ ప్రమాదం ఉన్నవారికి మూడు నెలలు ఇచ్చినా దాదాపు అదే ఫలితం వస్తుందని 2018లో వెలువడిన ఐడియా అనే అంతర్జాతీయ విశ్లేషణ చూపింది. ఎన్ని నెలలన్నది రోగి కణితి లోతు, గ్రంథుల లెక్క చూసి డాక్టరే చెప్పాలి.

ఆ ఏడురోజుల విరామం వైద్యంలో భాగమే. మజ్జ, పేగు పొర తిరిగి కోలుకునే గడువు అది. మందు అయిపోయిందేమోనని దుకాణంలో మరో అట్ట కొని విరామంలో కూడా మింగడం ఈ మందుతో జరిగే పొరపాట్లలో చాలా ప్రమాదకరమైనది. రేడియేషన్‌తో ఇచ్చే పద్ధతిలో విరామాల లెక్క వేరుగా ఉంటుంది కాబట్టి అయోమయం ఇంకా పెరుగుతుంది. జమ్‌షెడ్‌పూర్ తెలుగు ఇళ్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, మందుల దుకాణంలో హిందీలో చెబుతారు, మింగవలసిన పెద్దావిడ తెలుగు మాత్రమే చదవగలదు. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం జిల్లాల నుంచి ఉక్కు కర్మాగారం పనికి తరలివచ్చిన కుటుంబాల్లో పాతతరం ఇప్పటికీ ఇంట్లో తెలుగే. అందుచేత గోడమీది తెలుగు క్యాలెండర్లో మొదటి రోజు, పద్నాలుగో రోజు, విరామపు ఏడురోజులు, రక్తపరీక్ష తేదీ గుర్తుపెట్టి, పూటకి ఎన్ని మాత్రలో తెలుగులో రాసి, ప్రతి పూటా వేసుకున్నాక గీత గీయడం మంచి పద్ధతి. పెద్ద ఖర్చు లేని ఈ పని వల్ల తప్పే ప్రమాదాలు చాలా ఉన్నాయి. 150, 500 మిల్లీగ్రాముల రెండు సైజులూ ఇంటికి వస్తే రెండు అట్టలూ వేర్వేరు చోట్ల పెట్టాలి.

మాత్రలు భోజనం ముగిసిన అరగంటలోపు నీళ్లతో మింగాలి. పరగడుపున వేసుకోకూడదు. రెండు పూటలకీ మధ్య సుమారు పన్నెండు గంటలు ఉండాలి. ఉదయం ఎనిమిదికి ఉప్మా తిని వేసుకుంటే రాత్రి ఎనిమిదికి అన్నం తిని వేసుకోవచ్చు. షిఫ్టు పనివాళ్లకి ఇక్కడే ఇబ్బంది వస్తుంది. ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు అని వారవారం మారే డ్యూటీలో భోజనం వేళలు నిలకడగా ఉండవు. పనిలో కొనసాగుతున్న రోగి ఈ నెలల్లో జనరల్ షిఫ్టు అడిగి తీసుకోవడం మంచిది. రోగి ఇంట్లోనే ఉండి, మాత్రలు ఇచ్చే కొడుకు షిఫ్టులో ఉంటే, ఆ పూటకి బాధ్యత ఎవరిదో ముందే అనుకోవాలి. ఇద్దరూ ఇచ్చేసినా కష్టమే, ఇద్దరూ ఇవ్వకపోయినా కష్టమే. కార్తీక సోమవారాలకీ ఏకాదశికీ ఉపవాసం ఉండే ఆడవాళ్లు ఈ మందు వాడే పద్నాలుగు రోజుల్లో ఉపవాసం మానుకోవాలి. పట్టుదలగా ఉండాలనుకుంటే డాక్టరుకి ముందే చెప్పాలి.

ఒక పూట మరిచిపోతే ఆ పూట వదిలేసి తర్వాతి పూట మామూలు మోతాదు వేసుకోవాలి. రెండు పూటలవి కలిపి వేసుకోకూడదు. మాత్ర మింగాక వాంతి అయితే మళ్లీ మింగకూడదు. పొరపాటున ఎక్కువ మాత్రలు పడితే, ఒంట్లో ఏ బాధా తెలియకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. విషలక్షణాలు మెల్లగా బయటపడతాయి. ఆలోగా జాగ్రత్తపడే వ్యవధి పోతుంది.

ఇక ఇంట్లో కనిపెట్టి చూడవలసిన లక్షణాలు. వీటిలో మొదటిది విరేచనాలు. రోజూ అయ్యేదానికన్నా నాలుగుసార్లు ఎక్కువ అయితే, లేదా నిద్రలోంచి లేచి వెళ్లవలసి వస్తే, ఆ పూట మాత్ర మానేసి డాక్టరుకి ఫోను చెయ్యాలి. పొట్టమీద సంచీ పెట్టించుకున్నవారు ఎన్నిసార్లన్న లెక్క వెయ్యలేరు. సంచీ మామూలుకన్నా బాగా తొందరగా, నీళ్లలా నిండుతుంటే అదే గుర్తు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే జమ్‌షెడ్‌పూర్ ఎండలో ఒంట్లో నీరు ఎలాగూ తగ్గుతుంది. దానిమీద విరేచనాలు పట్టుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మూత్రపిండాలు మందగిస్తే మందు, దాని నుంచి పుట్టిన పదార్థాలు ఒంట్లోనే నిలిచి విరేచనాలని ఇంకా పెంచుతాయి. ఈ వలయంలో చిక్కుకున్నాకే చాలామంది ఆస్పత్రికి వస్తారు. ఓఆర్ఎస్ నీళ్లు, ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ మొదటి గంట నుంచే తాగాలి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్రలు డాక్టరు ముందే రాసి ఇచ్చి ఉంటే చెప్పిన పద్ధతిలో వాడొచ్చు. జ్వరం కానీ, మలంలో రక్తం కానీ, కళ్లు తిరగడం కానీ తోడైతే ఇంటివైద్యం మానేసి ఆస్పత్రికి వెళ్లిపోవాలి.

కేపెసిటబిన్ తన గుర్తుని ఎక్కువగా వదిలేది అరచేతుల మీద, అరికాళ్ల మీద. ఎక్స్-యాక్ట్ అధ్యయనంలో మాత్రలు వాడిన ప్రతి పదిమందిలో సుమారు ఆరుగురికి ఏదో ఒక స్థాయిలో ఈ బాధ వచ్చింది. మొదట తిమ్మిరి, చురచుర, నొప్పిలేని ఎరుపు. తర్వాత నొప్పి, వాపు. ఆ పైన బొబ్బలు, చర్మం పగిలి ఊడటం. మన నల్లని చర్మాల మీద ఎరుపు సరిగ్గా కనపడదు. అరచేతులు నల్లబడటం, గీతలు ముదురు రంగు తేలడం, చర్మం బిరుసెక్కడం కనపడతాయి. నాలుకమీద నల్లమచ్చలు వచ్చినా కంగారుపడక్కరలేదు, అవి మందు ఆపాక క్రమంగా తగ్గుతాయి. కానీ చొక్కా గుండీ పెట్టుకోవడానికో, అన్నం కలుపుకోవడానికో, చెప్పులేసుకుని నడవడానికో నొప్పి అడ్డొచ్చిందంటే అది రెండో స్థాయి. మాత్రలు ఆపి డాక్టరుతో మాట్లాడవలసిన గీత అదే.

చేతులు కాపాడుకునే ఉపాయాలు ఏ ఇంట్లోనైనా చెయ్యగలిగినవే. వేడినీళ్లతో గిన్నెలు తోమడం, బట్టలు పిండటం, రోటిపని, బిగువైన బూట్లు, ఎండకి కాలిన గచ్చు మీద ఉత్తకాళ్ల నడక ఈ నెలల్లో మానుకోవాలి. యూరియా కలిసిన మెత్తటి క్రీము రోజుకి రెండు మూడుసార్లు రాసుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 264 మందితో చేసి 2024లో ప్రచురించిన డీ-టార్చ్ అనే పరీక్షలో, కండరాల నొప్పులకి రాసుకునే మామూలు డైక్లోఫెనాక్ జెల్‌ని ముందునుంచే రోజుకి రెండుసార్లు అరచేతులకి రాసుకున్నవారిలో ఇబ్బందిపెట్టే స్థాయి చర్మబాధ 3.8 శాతం మందికే వచ్చింది. ఉత్త జెల్ రాసుకున్నవారిలో అది 15 శాతం. ఖరీదైన విదేశీ పరిశోధన కోసం ఎదురుచూడకుండా, ప్రతి దుకాణంలో దొరికే గొట్టంలోని మందుతో మన దేశపు రోగుల మీదే తేల్చిన ఈ ఫలితం గర్వించదగ్గది. అయినా డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి, డైక్లోఫెనాక్ పడనివాళ్లు ఉంటారు. చల్లదనానికని గోరింటాకు పెట్టుకోవడం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆ ఎరుపు కింద మందు తెచ్చిన ఎరుపు దాగిపోతుంది. పైగా బజారులో దొరికే కోనుల్లో రసాయనాలు కలుస్తాయి. ఆషాఢమాసమైనా సరే ఈ నెలల్లో అరచేతులు ఖాళీగా, కనపడేట్టుగా ఉంచుకోవడం మేలు.

చర్మం ఊడగా ఊడగా వేలిముద్రలు చెరిగిపోవడం కూడా ఉంది. ఈ మందు వాడుతున్న సింగపూర్ రోగి ఒకరిని అమెరికా విమానాశ్రయంలో వేలిముద్రలు పడక నిలిపివేసిన సంగతిని 2009లో వైద్యపత్రికలో ప్రచురించారు. మన దగ్గర ఆ ఇబ్బంది రేషన్ దుకాణంలో ఎదురవుతుంది, బ్యాంకులో ఎదురవుతుంది. కనుపాపతో, ముఖంతో గుర్తించే పద్ధతులు ఆధార్‌లో ఉన్నాయి. పెన్షనుదారుల జీవన్ ప్రమాణ్ పత్రానికి 2021 నుంచి ముఖ గుర్తింపు సరిపోతుంది. చికిత్స మొదలుకాకముందే ఆధార్‌లో ఫోను నంబరు, కనుపాపల వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, ఈ మందు వాడుతున్నట్టు ఆస్పత్రి నుంచి ఒక ఉత్తరం దగ్గర పెట్టుకుంటే కుటుంబం బియ్యం కోసం తిరగవలసిన పని తప్పుతుంది.

నోటిపూత వచ్చి అన్నం మింగలేకపోతే అది కూడా ఫోను చెయ్యవలసిన లక్షణమే. రోజులో ఒకటికి మించి వాంతులైనా అంతే. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే తెల్లకణాలు పడిపోయి ఉండవచ్చు కాబట్టి పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడటం పనికిరాదు. రాత్రి అయినా ఆస్పత్రికి వెళ్లి కీమోలో ఉన్న మనిషని ముందే చెప్పాలి.

గుండెనొప్పి సంగతి విడిగా చెప్పాలి. ఈ మందు కొద్దిమందిలో గుండె రక్తనాళాలు బిగుసుకుపోయేలా చేస్తుంది. ఇదివరకు గుండెజబ్బు లేనివారికీ, మొదటి సైకిల్ మొదటి రోజుల్లో కూడా ఇది రావచ్చు. ఛాతీలో బరువు, నొప్పి, చెమటలు, ఆయాసం కనపడితే గ్యాస్ అనుకుని సర్దుకోకుండా మాత్రలు మానేసి అత్యవసర విభాగానికి చేరాలి. అది ఈ మందు వల్లనే అని తేలితే సాధారణంగా ఫ్లోరోయురాసిల్ జాతి మందులు మళ్లీ ఇవ్వరు, వేరే దారి చూస్తారు.

మాత్ర ఆపమంటే రోగికి కలిగే బెంగ నిజమైనది. దానికి జవాబు కూడా ఉంది. బాధ తగ్గేదాకా ఆపి, అవసరమైతే తర్వాత ముప్పావు మోతాదుతోనో సగంతోనో మళ్లీ మొదలుపెట్టడం మందు తయారైననాటినుంచీ దాని వాడకంలో భాగం. పాకిన జబ్బున్న రోగుల మీద జరిగిన అధ్యయనాలని వెనక్కి తిరిగి విశ్లేషించినప్పుడు, బాధల వల్ల మోతాదు తగ్గించుకున్నవారికి వైద్యఫలితం తగ్గినట్టు కనపడలేదు. మధ్యలో పోయిన పూటలని తర్వాత భర్తీ చెయ్యరు. ఒకసారి తగ్గించిన మోతాదుని మళ్లీ పెంచరు.

వేరే మందులతో కలిసినప్పుడు ఈ మాత్ర కొత్త ప్రమాదాలు తెస్తుంది. గుండె కవాటం మార్పిడి అయినవారు, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవారు వాడే వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి రక్తం పలచబడే మందుల బలం కేపెసిటబిన్ వల్ల పెరిగిపోతుంది. రక్తస్రావమై చనిపోయినవారు ఉన్నారు. ఈ ప్రభావం మొదలుపెట్టిన కొద్దిరోజులకే రావచ్చు, నెలల తర్వాత రావచ్చు, మాత్రలు ఆపిన నెలలోపు కూడా రావచ్చు. అందుకని వాళ్లకి రక్తం గడ్డకట్టే తీరుని చూసే ఐఎన్ఆర్ పరీక్ష తరచుగా చేస్తారు, లేదా వేరే మందుకి మారుస్తారు. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ స్థాయి రక్తంలో పెరిగి తూలు, మాట తడబాటు రావచ్చు. గౌట్ నొప్పులకి వాడే అలోప్యూరినాల్ ఈ మందు బలాన్ని తగ్గించవచ్చు. మందు అని ఎవరూ అనుకోని ఫోలిక్ యాసిడ్ వీటన్నిటికన్నా ఎక్కువగా ఇళ్లలోకి చొరబడుతుంది. నీరసంగా ఉన్నాడని తెచ్చే బలం మాత్రలు, ఐరన్ మాత్రలు, బీ-కాంప్లెక్స్‌లలో చాలావాటిలో ఇది ఉంటుంది. ఫ్లోరోయురాసిల్ కణంలోని ఎంజైముని పట్టుకునే పట్టుని ఫోలేట్ ఇంకా బిగిస్తుంది, దాంతో విరేచనాలు, నోటిపూత ముదురుతాయి. వివిధ దేశాల రోగులని పోల్చిన 2008 నాటి విశ్లేషణలో ఈ మందుల బాధలు అమెరికాలో ఎక్కువగా, తూర్పు ఆసియాలో తక్కువగా కనపడ్డాయి. అమెరికాలో పిండిలోనే ఫోలిక్ యాసిడ్ కలపడం దానికి ఒక కారణం కావచ్చని పరిశోధకులు అనుకున్నారు. ఆకుకూరలు తినడం మానక్కరలేదు, మాత్రల రూపంలో వచ్చేదే డాక్టరుకి చూపించాలి.

మందుల కలయిక ప్రాణాలు తీసిన ఉదాహరణ కూడా ఉంది. సర్పికి వాడే సోరివుడిన్ అనే మందు జపాన్‌లో 1993లో అమ్మకానికి వచ్చింది. వచ్చిన కొద్దివారాల్లోనే, ఫ్లోరోయురాసిల్ జాతి మందులు వాడుతూ దీన్నీ వేసుకున్న కేన్సర్ రోగులు 15 మంది చనిపోయారు. వారి ఒంట్లో ఫ్లోరోయురాసిల్‌ని విరిచే డీపీడీ అనే ఎంజైముని ఆ కొత్త మందు పూర్తిగా మూసేసింది. ఒంట్లో చేరిన ఫ్లోరోయురాసిల్‌లో 80 శాతానికి పైగా విరిగిపోయేది ఆ ఎంజైము వల్లనే. సోరివుడిన్ బజారు నుంచి పోయింది కానీ, దాని దగ్గరి బంధువు బ్రివుడిన్ కొన్ని దేశాల్లో ఇప్పటికీ ఉంది, కేపెసిటబిన్‌తో అది పూర్తిగా నిషిద్ధం.

కొంతమందికి ఆ డీపీడీ ఎంజైము పుట్టుకతోనే తక్కువ. అరుదుగా అసలు ఉండదు. అలాంటివారికి మామూలు మోతాదే విషం. యూరోపియన్ ఔషధ సంస్థ 2020లో చికిత్సకి ముందే ఈ లోపానికి పరీక్ష చెయ్యాలని సిఫార్సు చేసింది. మనదేశంలోనూ పెద్ద ల్యాబులు ఈ లోపాన్ని వెదికే డీపీవైడీ జన్యుపరీక్ష చేస్తాయి, చికిత్స మొదలుపెట్టే ముందు డాక్టరుని అడగదగ్గ పరీక్ష ఇది. అయితే ఎక్కువగా వెదికే జన్యుమార్పులు యూరప్ జనాభాలో కనిపెట్టినవి. అందుచేత పరీక్షలో ఏమీ లేదని వచ్చినా మొదటి సైకిల్‌లో జాగ్రత్త సడలకూడదు. మొదటి నాలుగైదు రోజుల్లోనే తీవ్రమైన విరేచనాలు, నోటిపూత, మత్తు కమ్ముకొస్తే ఈ లోపం అనుమానించాలి. దీనికి యూరిడిన్ ట్రైఎసిటేట్ అనే విరుగుడుని అమెరికా 2015లో అనుమతించింది, మందు పడిన 96 గంటల్లోపు ఇవ్వాలి. అది అన్నిచోట్లా సిద్ధంగా దొరికే మందు కాదు. ఎక్కడైనా రోగిని కాపాడేది తొందరగా మాత్ర ఆపి ఆస్పత్రికి చేరడమే.

ప్రతి సైకిల్‌కీ ముందు రక్తకణాల లెక్క, క్రియాటినిన్, బిలిరుబిన్ చూస్తారు. మూత్రపిండాల వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్లకన్నా తక్కువ ఉంటే ఈ మందు ఇవ్వరు. 30 నుంచి 50 మధ్య ఉంటే నాలుగోవంతు తగ్గిస్తారు. బక్కపలచని వృద్ధులకి క్రియాటినిన్ అంకె మామూలుగా కనపడినా వడపోత తక్కువే ఉండవచ్చు కాబట్టి, వయసు, బరువులతో కలిపి లెక్క కట్టాలి. బీపీ, షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవారి విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఇంట్లో మాత్రలు పెట్టుకునే పద్ధతి కూడా చికిత్సలో భాగమే. మాత్రని విరగ్గొట్టకూడదు, నూరకూడదు. మింగలేకపోతే డాక్టరుకి చెప్పాలి. మాత్రలు అందించేవారు చేతికి తొడుగు వేసుకోవాలి, లేదా అట్టనుంచి నేరుగా చిన్న గిన్నెలోకి నొక్కాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గర్భిణులు ముట్టుకోకూడదు. మందు వాడుతున్న ఆడవారికి చివరి మాత్ర తర్వాత ఆరు నెలల వరకూ, మగవారికి మూడు నెలల వరకూ గర్భం రాకుండా జాగ్రత్త అవసరం. చంటిబిడ్డకి పాలివ్వకూడదు. బీపీ, షుగరు మాత్రల డబ్బాలో ఈ కీమో మాత్రలని కలపకూడదు. వంటగదిలోనూ, ఎండపడే కిటికీ గూట్లోనూ కాకుండా ముప్పై డిగ్రీలలోపు ఉండే చల్లటి చోట పిల్లలకి అందకుండా పెట్టాలి. రోగి వాంతి, విరేచనం శుభ్రం చేసేవారు తొడుగులు వేసుకుని, ఆ బట్టలు విడిగా ఉతకాలి.

జమ్‌షెడ్‌పూర్‌లో కేన్సర్ వైద్యానికి 1975 నుంచి మెహర్‌బాయి టాటా స్మారక ఆస్పత్రి ఉంది. దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి 1931లో రక్తకేన్సర్‌తో చనిపోయారు. ఉక్కు కంపెనీ వారికి 1908 నుంచి ఉన్న టాటా మెయిన్ హాస్పిటల్ తెలిసినదే. తెలుగు కుటుంబాల్లో కొందరు విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రిలో మొదలుపెట్టి, జమ్‌షెడ్‌పూర్ తిరిగొచ్చి కొనసాగిస్తారు. రెండు ఊళ్ల వైద్యంలో చీటీలు రెండవుతాయి, మోతాదు ఒకచోట తగ్గిస్తే రెండోచోట తెలియదు. చివరిగా మార్చిన మోతాదు, తేదీ, వచ్చిన బాధలు ఒకే పుస్తకంలో రాసి రెండుచోట్లా చూపించాలి. రాంచీలో 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కింద అర్హులైన కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల వరకూ ఆస్పత్రి వైద్యం అందుతుంది. మాత్రలు ఇంటికి ఎలా ఇస్తారో ఆస్పత్రిలోని పథకం కౌంటర్లో అడిగి తెలుసుకోవాలి. బయట కొంటే బిల్లుతోనే కొనాలి, అట్టమీద బ్యాచి నంబరు, గడువు తేదీ రాసిపెట్టుకోవాలి.

మోతాదు తగ్గినప్పుడూ చికిత్స ముగిసినప్పుడూ మాత్రలు మిగులుతాయి. వాటిని చెత్తబుట్టలోనో, కాలువలోనో, ఖర్కాయి నది నీళ్లలోనో పారెయ్యకూడదు. అదే జబ్బున్న ఇంకొకరికి దయతో ఇవ్వడమూ తప్పే, వారి మోతాదు, మూత్రపిండాల స్థితి వేరు. అట్టలతో సహా తీసుకెళ్లి కీమో విభాగంలో అప్పగించాలి. చికిత్స ముగిశాక మొదటి రెండేళ్లూ మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు పరీక్ష, సీఈఏ రక్తపరీక్ష, ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ, డాక్టరు చెప్పిన గడువుల్లో స్కాన్ జరుగుతాయి.